మాల తీసిన నాళ్లు

తిరుత్తణి
12 నవంబరు 1976

తిరుమలమ్మక్కకు దేవసేన నమస్కరించి రాస్తున్నది.

నీ కార్డు అందింది. మీ పిల్లాడు ద్వారకనాథ్‌కు దగ్గు తగ్గిందని తెలిసి మనసు కుదుటపడింది. ఇక్కడ షష్ఠి జనం వెళ్లిపోయారు. మెట్ల మొదట్లో మా కొట్టు ముందు రాలిన పూలన్నీ ఎండిపోయి, ఊడుస్తుంటే దుమ్ములా లేస్తున్నాయి. కర్పూరం, విభూతి ఏమీ మిగల్లేదు. కావడి సామాను మళ్లీ తెప్పించాలి.

ఒక సంగతి రాయాలి. ఆయన మళ్లీ మాల వేసుకున్నాడు. ఈసారి కొన్నాళ్లకు కాదు, వచ్చే ఆడికృత్తిక దాకా, అంటే ఇంకా తొమ్మిది నెలలు. ఆ రోజు పూలకావడి ఎత్తి కొండెక్కి, అప్పుడు తీస్తాడట. అంతవరకు ఒంటిపూట భోజనం, నేల మీద పడక, బ్రహ్మచర్యం. మాకు బిడ్డ పుట్టాలని మొక్కు. పెళ్లయి ఏడేళ్లయింది కదా, ఊళ్లోవాళ్లు విశేషమేమైనా ఉందా అని అడగడం కూడా మానేశారు. అడిగినప్పటికంటే ఇప్పుడే ఆయనకు ఎక్కువ బాధగా ఉంది.

బిడ్డ కావాలని పెళ్లాం దగ్గరికే రాకపోవడం ఏమిటో నాకు అర్థం కావడం లేదు. నవ్వకు.

మాల వేసుకున్నవాణ్ణి అందరూ సామి అంటారు కదా, నన్నూ అలాగే పిలవమన్నాడు. నిన్న అలవాటు కొద్దీ "ఇదో, కాఫీ" అన్నాను. కోప్పడలేదు. "సామీ అని పిలు దేవసేనా, అప్పుడు నాకు గుర్తుంటాది" అన్నాడు. లోటా అందుకుంటుంటే నా వేలు తగిలి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాఫీ ఒలికిపోయింది. ఇద్దరం వంగి చెరో పక్క నుంచి తుడిచాం.

మంచివాడక్కా. తాగడు, తిట్టడు. ఎదురు పూలకొట్టు ధర్మలింగం అణ్ణ నా అదృష్టమే అదృష్టం అంటాడు. నాకు మాత్రం ఎవరింట్లోనో ఉన్నట్టుంది. ఇలా అనుకోవడం పాపమా? రాయి. నేను తెలుగులో రాస్తుంటే, అరవం తప్ప చదవడం రాని మీ మరిది, ఆ గుండ్రాలేమిటని ఎగతాళి చేసేవాడు. ఇప్పుడు అదీ లేదు.

బావకు నా నమస్కారాలు.

నీ చెల్లెలు
దేవసేన


తిరువళ్లూరు
25 నవంబరు 1976

దేవసేనకు అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా.

నీ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదివాను, పాలు పొంగిపోయాయి. అడిగావు కాబట్టి చెబుతున్నాను, అలా అనుకోవడం పాపమే. వేకువనే లేచి మడి వంట చేయాల్సి వస్తోందని నీకు విసుగు పుట్టి ఉంటుంది. నీ మొగుడు ఎవరి కోసం నేల మీద పడుకుంటున్నాడు? నీ ఒడి నిండాలని కాదా?

మీ బావ సంగతి నీకు తెలియనిదా. అమావాస్య వస్తే ఎక్కడెక్కడి జనమో వీరరాఘవస్వామి గుడికి వస్తారు. పక్క వీధిలోనే కాపురముండి ఈయన గోపురం దాకా వచ్చి, "నువ్వు పోయిరా, నేను చెప్పులు చూసుకుంటా ఉంటా" అని బయటే నిలబడిపోతాడు. నుదుట నామం పెట్టుకోమంటే రైస్‌మిల్లులో చెమటకు కారిపోతుందట. సెలవు దొరికితే పేకాట. ఈ మనిషి మారాలని నేను శనివారాలు ఉపవాసం ఉంటున్నాను. పెళ్లి పీటల మీద తప్ప మేమిద్దరం పక్కపక్కన కూర్చుని ఒక్క పూజ చేసింది లేదు. నీది ఎలాంటి కాపురమో నా కాపురం చూస్తే తెలుస్తుంది.

నా మాట విను. దూరంగా నిలబడకు. ఆయనతో పాటు నువ్వూ వ్రతం పట్టు. ఆయన పాడితే పాడు, ఆయన మెట్లెక్కితే ఎక్కు. దేవుడి ముందు కలిసి కూర్చునే ఆలుమగలు సంతోషం కోసం ఇంకెక్కడా వెతుక్కోనక్కర్లేదు.

ఈ కవరు తెస్తున్న మునియమ్మ చేతికి నిమ్మకాయ ఊరగాయ ఇచ్చాను. సీసా తిరిగి పంపు.

తిరుమలమ్మ


తిరుత్తణి
10 జనవరి 1977

అక్కకు,

నీ నోట్లో చక్కెర పోయాలి. నువ్వు చెప్పినట్టే చేశాను.

డిసెంబరు ఆఖరున ఇక్కడ మెట్ల పండుగ. ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, పాడుకుంటూ ఎక్కుతారు. ఏటా నేను కొట్లో కూర్చుని ఆ కర్పూరం అమ్మేదాన్నే గానీ ఎక్కింది లేదు. ఈసారి కొట్టు ధర్మలింగం అణ్ణకు అప్పగించి ఆయనతో బయలుదేరాను. ఆయన కర్పూరం పెడితే నేను వెలిగించాను. గాలికి ఆరిపోబోతే ఇద్దరం చేతులు అడ్డం పెట్టాం. నా గొంతు ఎలాంటిదో నీకు తెలుసు, చిన్నప్పుడు నాన్న పెరట్లోకి పోయి పాడుకోమనేవాడు. అయినా పాడాను. నేను వెనకబడినప్పుడల్లా ఆయన ఆగాడు. తిరిగి చూసి ఆగాడక్కా.

పైన మంటపంలో కూర్చున్నప్పుడు వాళ్ల నాన్న గురించి చెప్పాడు. ఆయన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని కొండెక్కించేవాడట. పైకి చేరేసరికి ఆ తండ్రి చొక్కా తడిసి ముద్దయ్యేదట, ఆ చెమట వాసన ఇప్పటికీ గుర్తుందట. తానూ ఒక బిడ్డను అలా ఎక్కించాలని ఉందన్నాడు. పెళ్లయ్యాక ఆయన నాతో అంతసేపు మాట్లాడింది ఆ రోజే. ఎవరో ముసలామె వచ్చి మా ఇద్దరి కాళ్లకూ మొక్కింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

నేను మొక్కింది సామికో ఈయనకో నాకే సరిగా తెలియదు. ఆ సామి కోపం తీరి, వల్లిని పెళ్లాడి కూర్చున్న కొండ కదా ఇది. ఆయనకు మామీద దయ ఉండకుండా పోదు అనిపించింది.

సీసా పంపుతున్నాను. ఊరగాయ నేనొక్కదాన్నే తిన్నాను, వ్రతంలో ఆయన పుల్లటివి తినడు.

దేవసేన


తిరుత్తణి
20 ఏప్రిల్ 1977

అక్కకు,

చాలా రోజులుగా రాయలేదు, కోప్పడకు. నాకు నెల తప్పింది. మూడో నెల అని డాక్టరమ్మ చెప్పింది.

ఎలా రాయాలో తెలియడం లేదు. సంక్రాంతి వెళ్లాక, తై నెలలో ఆయనకు విషజ్వరం వచ్చింది. జ్వరంలో మాల ఉండకూడదని తీసి సామి పటానికి వేశాడు. నేనే గంజి తాగించాను, ఒళ్లు తుడిచాను. జ్వరం తగ్గాక కూడా కొన్నాళ్లు నీరసంతో ఇంట్లోనే ఉన్నాడు. ఆ నాళ్లలో ఆయన సామి కాదు, నా మొగుడు. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని "నిన్ను శానా కష్టపెట్టినాను" అన్నాడు. అంతకంటే రాయలేను. తర్వాత తలకు పోసుకుని మళ్లీ మాల వేసుకున్నాడు.

నెల తప్పిన సంగతి చెప్పగానే కొండెక్కి గుండు కొట్టించుకుని వచ్చాడు. అప్పటి నుంచి రోజూ తడిబట్టలతో గుడి చుట్టూ పొర్లుదండాలు పెడుతున్నాడు. వీపంతా గీసుకుపోయింది. మందు రాస్తానంటే వద్దన్నాడు.

నువ్వొకసారి వచ్చి ఆయనతో మాట్లాడితే బాగుంటుంది.

దేవసేన


తిరువళ్లూరు
2 మే 1977

నా బంగారు తల్లికి అక్క దీవెనలు.

ఉత్తరం చదివి స్వామి పటం ముందు కూలబడి ఏడ్చాను. ద్వారకనాథ్ భయపడిపోయాడు. వాడికి తెలుగు చదవడం రాదు కదా, ఏదో చెడు వార్త అనుకున్నాడు.

మొక్కు పూర్తి కాకముందే వరమిచ్చిన దేవుడు ఆయన. గుండు కొట్టించుకుని, వీపు గీసుకుపోయేలా పొర్లి కృతజ్ఞత చెప్పుకునే మగవాడు ఈ కాలంలో ఎక్కడున్నాడు? నేను వచ్చి అతనితో మాట్లాడడానికేముంది, చేతులెత్తి మొక్కాలి గానీ. సంతోషంలో ఉన్న మనిషిని కదిలించకు. నువ్వు చేయగలిగినంత వ్రతం నువ్వూ చెయ్యి, మెట్లు మాత్రం ఎక్కకు.

మీ బావ మిల్లు నుంచి రాగానే చెప్పాను. ఉత్తరం మళ్లీ చదవమన్నాడు. చదివాను. "ఆ పిల్ల ఏదో దాస్తా ఉంది" అన్నాడు. నీకు మిల్లు బెల్టులు తప్ప మనుషులేం తెలుసని కసిరాను.

వేసవి వడియాలు పెడుతున్నాను. నీకోసం పులుపు ఎక్కువ వేసి వేరే పెట్టాను.

తిరుమలమ్మ


తిరుత్తణి
15 జూన్ 1977

అక్కకు,

నేను సరిగా రాయలేదేమో. నువ్వు వేరేగా అర్థం చేసుకున్నావు. ఆయన పొర్లేది సంతోషానికి కాదు, ప్రాయశ్చిత్తానికి.

మొన్న ధైర్యం చేసి అడిగాను, మాల తీసే ఉంది కదా, మనం చేసిన తప్పేమిటని. కర్పూరం పొట్లాలు కడుతూ, గొంతు పెంచకుండా చెప్పాడు. "మాల పటానికి ఉండె. ఇచ్చిన మాట నా మీదనే ఉండె గదా. ఈ బిడ్డ సామి ఇచ్చింది గాదు దేవసేనా. సామిని మోసం చేసి తెచ్చుకుండేది."

ఏ బిడ్డ కోసం నేల మీద పడుకున్నాడో ఆ బిడ్డే వస్తే ఇలా అంటున్నాడు. నా చేతి వంట తినడం లేదు, గుళ్లో పెట్టే ప్రసాదంతో సరిపెట్టుకుంటున్నాడు. నేను కొట్లోకి వస్తే బయటికి వెళ్లిపోతాడు. బిడ్డ కదలడం మొదలైంది. చెయ్యి పెట్టి చూడు అందామని నోటిదాకా వస్తుంది. సామీ అని పిలిచి ఆ మాట ఎలా అనను?

ఆయనతో కలిసి మెట్లెక్కిన రోజు నేను అబద్ధం రాయలేదక్కా. ఆ సంతోషం నిజమే. ఆ దేవుడే మధ్యలో ఇలా గోడ అవుతాడని అప్పుడు తెలియదు.

బావను పంపించు. కాన్పు దాకా అక్కడ ఉంటాను.

దేవసేన


తిరువళ్లూరు
1 ఆగస్టు 1977

దేవసేనకు,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లు జవాబు రాయనిది కోపంతోనే. దేవుణ్ణి గోడ అంటావా? కడుపుతో ఉన్నప్పుడు మనసు ఏవేవో అనుకుంటుంది, అందుకే క్షమించాను. మీ బావకు ఆ ఉత్తరం చదివి వినిపించలేదు. వింటే నీ మొగుణ్ణీ దేవుణ్ణీ కలిపి తిడతాడు.

ఇప్పుడు నువ్వు ఇల్లు వదిలి వస్తే ఊరు నిన్నే అంటుంది. ఇంకెన్నాళ్లు? ఆడికృత్తిక వచ్చేసింది. కావడి ఎత్తాడంటే మాట చెల్లిపోతుంది, మాల తీస్తాడు, నీ మొగుడు నీకు దక్కుతాడు. ఇంతవరకు ఓర్చుకున్నదానివి ఈ నాలుగు రోజులు ఓర్చుకోలేవా?

నిన్న ఆడి ఆదివారమని పెరియపాళయం వెళ్లాను. నీకు సుఖంగా కాన్పు కావాలని వేపాకు చీర కట్టుకుని భవాని అమ్మవారి చుట్టూ తిరిగాను. వేపరెమ్మలు మెడకు గీసుకుని ఇప్పటికీ మంటగా ఉంది. అక్కడే నీ సీమంతానికి గాజులు కొన్నాను, ఆకుపచ్చవి. నీ చేతులు చిన్నవి కదా, నా చేతికి పట్టనివి చూసి తీసుకున్నాను. ఆడి నెల వెళ్లగానే నేనే తెస్తాను.

తిరుమలమ్మ


తిరుత్తణి
12 ఆగస్టు 1977

అక్కకు,

బావ నిన్న బయలుదేరాడు. జరిగింది నీకు చెప్పి ఉంటాడు. బావ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు కాబట్టి నేనూ రాస్తున్నాను.

ఆడికృత్తిక రోజు పొద్దున ఆయన పూలకావడి ఎత్తుకున్నాడు. గుమ్మం దాటుతూ నావైపు చూసి, "సాయంత్రానికి మాల తీసేస్తాను" అన్నాడు. ఇన్ని నెలల్లో నాతో అన్న మంచి మాట అదొక్కటే. ఆ మాట పట్టుకుని కొట్లో నిలబడ్డాను. జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉన్నారు.

మధ్యాహ్నం, నెలలు నిండకుండానే నొప్పి మొదలైంది. ధర్మలింగం అణ్ణ నన్ను ఆసుపత్రికి చేర్చి, ఒక మనిషిని కొండ మీదికి పంపాడు. ఆ మనిషి వరసలో ఆయన్ను కలిసి చెప్పాడు. ఆయన కావడి దించలేదు. సన్నిధి దగ్గరికి వచ్చేశాననీ, సామికి అప్పగించి పరుగెత్తుకొస్తాననీ చెప్పి పంపాడట. వరస కదల్లేదు.

ఆడపిల్ల. ఏడ్చిందక్కా, పిల్లికూన లాగా. కొంచెంసేపే.

ధర్మలింగం అణ్ణ మిల్లుకు ఫోన్ చేస్తే బావ ఉన్న బట్టలతోనే వచ్చాడు. ఒళ్లంతా తవుడు. చేతులు కడుక్కుని పిల్లను తీసుకుని, ఎక్కడా కింద పెట్టకుండా అలాగే కూర్చున్నాడు. పొద్దుగుంకాక ఆయన వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. భుజం మీద పూలరేకులు అంటుకుని ఉన్నాయి. "యాడ ఉంది బిడ్డ?" అన్నాడు. అప్పటిదాకా బిడ్డ గురించి అడిగింది లేదు. బావ లేచి పిల్లను ఆయన చేతుల్లో పెట్టి, ఇద్దరినీ బయటికి తీసుకుపోయాడు. గుంటలో పడుకోబెట్టాక ఆయన మెడలో మాల తీసి పిల్ల పక్కన ఉంచాడట. బావ చెప్పాడు.

నీ ఉత్తరం ఆసుపత్రిలో అందింది. అక్క ఏమి రాసిందని బావ అడిగితే అందరూ కులాసా అన్నాను. ఆ గాజులు ఎవరికైనా ఇచ్చేయి. నీ మీద నాకు కోపం లేదు. నాకు మంచి జరగాలనే రాశావు. అందరం మంచి జరగాలనే చేశాం.

ఇప్పుడు ఇల్లు వదిలి రాలేను. ఆయన రెండు రోజులుగా పిల్లను పెట్టిన చోటే కూర్చుని ఉన్నాడు. అన్నం అక్కడికే తీసుకుపోవాలి.

దేవసేన


తిరువళ్లూరు
14 సెప్టెంబరు 1977

దేవసేనా,

ఏమని మొదలుపెట్టను. ఎన్నోసార్లు రాసి చించేశాను.

బావ వచ్చినప్పటి నుంచి మిల్లుకు పోవడం, రావడం, గోడకానుకుని కూర్చోవడం. పేక ముట్టలేదు. పోయిన వారం అన్నం తింటూ తింటూ, "ఆ పిల్ల చేతివేళ్లు నీ వేళ్ల మాదిరే ఉండె" అన్నాడు. నేను లేచి వంటింట్లోకి పోయాను. అతనే వచ్చి నా కంచం కడిగి పెట్టాడు.

నిన్న అమావాస్య. అలవాటుగా ఇద్దరం గోపురం దాకా వెళ్లాం. నా కాళ్లు లోపలికి పోలేదు. స్వామి మీద కోపమని కాదు, ఏమని అడగాలో తెలియలేదు. చెప్పుల పక్కనే మీ బావ దగ్గర కూర్చున్నాను. కొంచెం జరిగి చోటిచ్చాడు. ఆ జనంలో చాలాసేపు అలాగే కూర్చున్నాం. ఈ మనిషి మారాలని నేను ఇన్నేళ్లు పస్తులున్నాను. అతన్ని ఒక్కసారి సరిగా చూసి ఉంటే అన్నం తిని ఉండేదాన్ని.

బావను పంపమని నువ్వు రాసినప్పుడు పంపి ఉంటే అన్న మాట నా నోట రావడం లేదు, కానీ రోజంతా అదే తిరుగుతోంది. వచ్చెయ్యి తల్లీ. ఎవరేమన్నా అననీ. మీ బావ నీ కోసం ముందుగది ఖాళీ చేసి సున్నం వేశాడు.

తిరుమలమ్మ


తిరుత్తణి
2 ఆగస్టు 1978

అక్కకు,

పండుగలకైనా రాలేదని బావ నొచ్చుకున్నాడని రాశావు. నా మీద మీకున్న ప్రేమ తెలియక కాదు. రాలేకపోయింది ఎందుకో ఇప్పుడు రాస్తున్నాను.

మాల తీస్తే మొగుడు తిరిగి వస్తాడని నువ్వూ అనుకున్నావు, నేనూ అనుకున్నాను. ఆయన ఇంట్లోనే ఉంటున్నాడు. నేను పెట్టింది తింటున్నాడు. విభూతి అమ్ముతాడు గానీ నుదుట పెట్టుకోడు, కొండ వైపు తలెత్తడు. నేను గదిలోకి వస్తే లేచి నిలబడతాడు. నేను తిన్నానని తెలిశాకే కంచం ముందు కూర్చుంటాడు. నేనేమన్నా సరే అంటాడు. ముందు సామిని చూసి ఎలా భయపడేవాడో ఇప్పుడు నన్ను చూసి అలా భయపడుతున్నాడు. నాకు భక్తుడు అక్కర్లేదక్కా. కూరలో ఉప్పెక్కువైందని విసుక్కునే మనిషి కావాలి.

ఒకరోజు పక్కన కూర్చుని, పోయింది ఇద్దరి బిడ్డే కదా, కలిసి ఏడుద్దాం రమ్మన్నాను. "నేను ఏడిస్తే దానికి కోపమొస్తాది. అది ఏడ్చినప్పుడు నేను రాలేదు గదా" అన్నాడు. పోనీ కొండెక్కి రా, అక్కడైనా నీకు సుఖముండేది అని నేనే బతిమాలాను. తల అడ్డంగా ఊపాడు. ఆయన్ను ఈ స్థితిలో వదిలి ఎలా రాను? ఉండీ ఏం చేయగలుగుతున్నాను?

మొన్న మళ్లీ ఆడికృత్తిక. ఊళ్లో ఉండలేక సరుకు నెపంతో ఆరణి వెళ్లిపోయాడు. కొట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. కొత్తగా పెళ్లయిన జంట వచ్చింది. ఆ అబ్బాయి కావడి ఎత్తుకుని అప్పుడే మెట్ల దగ్గరికి పోయాడు. అమ్మాయి కర్పూరం తీసుకుని, మేం సంతోషంగా ఉండాలంటే ఏం మొక్కుకోవాలక్కా అని అడిగింది. "ఇద్దరూ కలిసి ఎక్కండమ్మా. అలిసిపోతే యాడన్నా కూర్చోండి. కావడి బరువైతే ఆయన్ను దించమను, సామి ఏమీ అనుకోడు" అన్నాను. వేళాకోళం అనుకుని నవ్వి, మొగుడి వెనక పరుగెత్తింది. జనంలో కలిసిపోయేదాకా చూశాను.

సాయంత్రం ఆయన ఆరణి నుంచి వచ్చాడు. లోపలికి రమ్మని నేను పిలిచేదాకా గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు.

నీ చెల్లెలు
దేవసేన